బేరింగు మీద అరచెయ్యి

చల్లగానే ఉంది. ఇప్పటికి చల్లగానే ఉంది. నరసింగరావు బేరింగు పైని ఇనుప క్యాపుకు కుడి అరచెయ్యి ఆనించి, తడినేల మీద బోర్లించిన ఐసుడబ్బా మీద కూచుని, ఎదురుగా మనిషి ఎత్తున తిరుగుతున్న ఫ్లైవీలును చూసీ చూడనట్టు చూస్తున్నాడు. చూస్తే కళ్లు తిరుగుతాయి, చూడకపోతే తను చూడని క్షణంలోనే అది ఏదో ఒకటి చేస్తుందని భయం. భిలాయి క్యాంప్ టూలో చేపల బళ్లకీ, లస్సీ బళ్లకీ, పెళ్లి వంటశాలలకీ ఇన్నేళ్లు ఐసు గడ్డలు కట్టి ఇచ్చిన ముసలి కంప్రెసరు, మోటారు పట్టా టపటపలతో, అమ్మోనియా ఘాటుతో, పగటి నిద్రలో గురకపెడుతున్న మనిషిలా నడుస్తోంది. గంట నడవాలి. ఆగకుండా, వేడెక్కకుండా, ఒక్క గంట. నడిస్తే ఇది ఇక్కడే ఉంటుంది. నడవకపోతే గేటు బయట లారీ ఉంది, లారీలో గ్యాసు సిలిండర్లున్నాయి, కటింగు చేసే మహేశ్ ఉన్నాడు, సాయంత్రానికి దీని ఎముకలు ముక్కలు ముక్కలుగా లారీ ఎక్కుతాయి. ఐసు ఫ్యాక్టరీ నడిపే భాగ్యరేఖ తన తమ్ముడికి అందరి ముందూ మాటిచ్చేసింది, గంటలో ఇది ఆగిందంటే నేనింక అడ్డు రాను, నువ్వు కొత్త యూనిట్టే పెట్టుకో అని. ఆ తమ్ముడు మనోజ్‌కుమార్ ఫోనులో గంట టైము పెట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆ ఫోను వైపు చూడకూడదు. చెయ్యి మీదే ధ్యాస ఉండాలి. చల్లగానే ఉంది. కానీ ఆ అక్షింతలు.

పడ్డాయా, పడలేదా. పసుపు కలిపిన బియ్యం, నెయ్యి చుక్క వేసి కలిపింది కాబోలు, వేళ్లకు అంటుకునేలా ఉన్నాయి, భాగ్యరేఖ కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, కళ్లు మూసుకుని గుప్పెడు తీసి కంప్రెసరు మీద చల్లింది, ఆమె వెనక ఐసుమోసే వాళ్లూ చల్లారు, ఆ సమయానికి ఈ క్యాపు మీది చిన్న మూత తెరిచే ఉంది, లోపల ఆయిల్ రింగు ఎలా వేలాడుతోందో చూద్దామని తెరిచింది తనే, కొబ్బరినీళ్లు తన మీద పడతాయని వెనక్కి జరిగిందీ తనే. షాఫ్టు తిరుగుతుంటే దాని మీద వేలాడే ఇత్తడి రింగు కూడా తిరగాలి, తిరుగుతూ కింద తొట్టిలో నూనె ముంచుకుని పైకి తేవాలి, దానికదే, ఎవరూ పొయ్యనక్కర్లేదు, అదీ ఈ పాత యంత్రాల గొప్పతనం. ఆ రింగు తిరిగే సందు వేలెడు వెడల్పుండదు. మూత అంచు మీద పచ్చగా ఒక గింజ కనబడింది. దాన్ని గోటితో చిమ్మేశాడు. మిగతావి? లోపలికి తొంగిచూసే లోపే మనోజ్ మోటారు వేసేశాడు, చలో, టైమ్ స్టార్ట్ అన్నాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆపండి, మీ అక్షింతలు లోపల పడ్డాయేమో అని అప్పుడే అనొచ్చు. ఎలా అంటాడు? పొద్దుటినుంచీ ఉపవాసం ఉండి పూజ చేసిన మనిషి మొహం మీద, ఆ తమ్ముడు వింటుండగా. అనలేదు. మూత మూసి, చెయ్యి పెట్టి కూచున్నాడు. గుమ్మం మీద పడ్డాయేమో, నేల మీద పడ్డాయేమో, అన్నీ అందులోనే ఎందుకు పడతాయి. తనకు సంబంధించినంత వరకు ఏది పడకూడదో అదే పడుతుంది, ఎక్కడ పడకూడదో అక్కడే పడుతుంది, ఇది ఈ రోజు మొదలైన సంగతి కాదు.

బేరింగు లోపలి తెల్ల లోహం పోత మాత్రం బాగా వచ్చింది. అందులో ఎవడూ వేలు పెట్టలేడు. కొత్త లోహం తెచ్చి పొయ్యమన్నారు, రాయపూర్‌లో బిళ్లలు దొరుకుతాయట, తెల్లగా మెరుస్తూ, కాగితం మీద గీస్తే పెన్సిలు గీతలా నల్లగా పడుతుంది, అంటే సీసం, తగరం పేరు చెప్పి సీసం. తను వద్దన్నాడు. ఇదే బేరింగులోంచి కరిగించి తీసిన పాత లోహాన్నే మళ్లీ పోస్తానన్నాడు. పాతది గీస్తే కాగితం ఏమీ ఎరగనట్టుంటుంది. వంచితే సన్నగా మూలుగుతుంది, విరిస్తే లోపల పంచదార పలుకుల్లా ఉంటుంది. భిలాయిలో ఇంకా సగం ఊరు గుడారాల్లో ఉన్న రోజుల్లో రష్యా యంత్రాలతో పాటు దిగిన సరుకు అనేవాడు నాన్న, నిజమో కోతో. హథ్‌ఖోజ్‌లోని తన షెడ్డులో చిన్న మంట మీద మూకుడు పెట్టి, నవసాగరం పొడి వేసి, పైకి తేలిన మడ్డి తీసి, ఎండిన పుల్ల ముంచి చూస్తే గోధుమరంగుకు మాడింది, అంటుకోలేదు, అదీ పాకం. బేరింగు గిన్నె వేడి చేసి, లోపల తగరం పూసి, మసి పట్టించిన ఇనుప కడ్డీ నిలబెట్టి, అంచుల చుట్టూ మట్టి మెత్తి, ఊపిరి బిగబట్టి, మధ్యలో తెగకుండా ఒక్క ధారగా పోశాడు. సుత్తితో తడితే గంటలా మోగింది. మోగిందంటే అంటుకున్నట్టు. తరవాత నీలం పూసి, షాఫ్టు పెట్టి తిప్పి, మెరిసిన చోటల్లా గీకి, మళ్లీ పూసి, మళ్లీ గీకి. గీకిన పొడి కూడా పారెయ్యలేదు. మహేశ్‌కు ఆ పొడి మీదే కన్ను. ఇందాక వచ్చీ రాగానే అడిగాడు, కకా, ఆ తెల్ల లోహం ముందు ఊడగొట్టి వేరుగా పెట్టు అని. తుక్కువాళ్లు ఇనుముకన్నా దాన్నే ముందు తీస్తారు, గ్యాసు మంట చూపించి డబ్బాలోకి కార్చుకుని, టంకం తయారుచేసే వాడికి ఇచ్చేస్తారు. నాన్న చేతి పోత ఎవడి ట్రాన్సిస్టరు తీగలకో అతుకైపోతుంది. ఈ ఐసు ఫ్యాక్టరీకి మొదటి పోత పోసింది నాన్నే. ఉక్కు ప్లాంటు డ్యూటీ దిగి, సైకిలు మీద వచ్చి, భాగ్యరేఖ వాళ్ల నాన్నతో సొంత ఊరి కబుర్లు చెప్పుకుంటూ పోసేవాడు. జోగయ్య పోస్తే మళ్లీ చూడక్కర్లేదు అని ఆయన పదిమందిలో అనేవాడు, ఆ మాట కోసం నాన్న ఎంత దూరమైనా సైకిలు తొక్కేవాడు.

చల్లగానే ఉంది. లేదు, కొంచెం. లేదు.

ఎనిమిదో తరగతి మధ్యలో మానిపించి ఆ మూకుడు దగ్గర కూచోబెట్టాడు నాన్న. ఒరే, ఈ లోహానికి సిగ్గు లేదురా, ఎంత తొక్కినా పడుంటాది, రాయొచ్చినా రప్పొచ్చినా తనలోకి దించేసుకుంటాది, నూనె లేకపోతే తనే కరిగిపోతాది గానీ షాఫ్టు మీద గీత పడనీదు, అందుకే షాఫ్టు బతుకుతాది. అప్పుడు గొప్పగా విన్నాడు. తరవాత తరవాత కదా తెలిసింది, అది లోహం గురించి చెప్పాడో, తన బతుకు గురించి ముందే చెప్పేశాడో. తనతో బెంచీ మీద కూచున్నవాళ్లు ప్లాంటులో ఆఫీసర్లయ్యారు, సెక్టారులో తోటల మధ్య క్వార్టర్లు, ఎదురుపడితే ఏం నర్సింగ్, ఇంకా అదే పోతపనేనా అంటారు. ఆ 'ఇంకా' అనే మాటలో ఎంత ఉంటుందో. బాల్ బేరింగులొచ్చాక ఎవడికి కావాలి పోత. ఫోను చేస్తే డబ్బాలో వస్తుంది, కొడతారు, అరిగితే పీకి పారేస్తారు. ఒక రైసు మిల్లు పోయింది, చరోదా వైపు ఒక ఫౌండ్రీ బ్లోయరు పోయింది, అన్నీ లారీ ఎక్కాయి, చివరికి మిగిలింది ఈ ఫ్లైవీలు మోసే బేరింగు ఒక్కటే. ఇదీ పోతే షెడ్డుకు తాళం వేసి ఏ గోడౌను గేటు దగ్గరో టోపీ పెట్టుకుని నిలబడాలి, వచ్చే కారుకూ పోయే కారుకూ సలాం కొడుతూ. అందులో తప్పేముంది, నిలబడేవాళ్లు నిలబడటం లేదా. లేదు, తను నిలబడలేడు. నోరు ఊరుకోదు. మొదటిరోజే ఎవడినో ఏదో అంటాడు.

మహేశ్ బీడీ ఆర్పి లోపలికొచ్చాడు, చల్లదనం కోసం కాబోలు. క్యాపు మీద చెయ్యి చూసి పకపకా నవ్వాడు. "కా కరత్ హస్ కకా, బుఖార్ నాపత్ హస్ కా?"

జ్వరం చూస్తున్నావా అని. పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు, వాడి మీద కోపం కూడా రాదు, ముక్కలు చెయ్యడం వాడి పని, పొయ్యడం తన పని. కానీ ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. మొన్న వానల్లో పెళ్లాం పైడితల్లి వణుకుతూ పడుకుంటే నుదుటి మీద ఈ చెయ్యే పెట్టి, ఏం లేదే, ఒళ్లు చల్లగానే ఉంది, లేచి టీ పెట్టు అన్నాడు. నిజంగానే చల్లగా అనిపించింది. పక్కింటావిడ థర్మామీటరు పెడితే బతికుందంటే ఆశ్చర్యం అన్నట్టుంది, టైఫాయిడు. ఆసుపత్రి మంచం మీంచి పైడితల్లి తిట్టలేదు, తిడితే బాగుండేది, నీ సెయ్యి ఇనుముకే పనికొస్తాది, మనిషికి కాదు అంది, అంతే, గోడవైపు తిరిగింది. ఇన్నేళ్లు మూకుళ్లు పట్టుకుని, నిప్పురవ్వలు పడి పడి, అరచెయ్యి చెప్పు అడుగులా అయిపోయింది. మనిషికి పనికిరాని చెయ్యి ఇనుముకైనా పనికొస్తోందా? ఇప్పుడు చల్లగా ఉందని ఎవరు చెబుతున్నారు, క్యాపా, చర్మమా? ఎడమ చెయ్యి మార్చాడు. మణికట్టు లోపలి మెత్తటి భాగం ఆనించాడు. వెచ్చగా ఉంది. వెంటనే తీసి మళ్లీ ఆనించాడు. వెచ్చగానే ఉంది. కొత్త పోత కదా, మొదట్లో కొంచెం వెచ్చబడుతుంది, పడాలి, వెచ్చబడి నిలబడుతుంది, నాన్న పోసినవి కూడా. ఎంత వెచ్చబడేవి? గుర్తు లేదు. అడగడానికి ఆయన లేడు. ఉన్నా, మూత ఎందుకు తెరిచి ఉంచావురా అని ముందు అదే అడుగుతాడు.

మూత ఎత్తాడు. ఎత్తొచ్చు, నడుస్తుండగా ఎత్తి చూసుకోవడానికే అది. లోపల నూనె చీకట్లో ఇత్తడి రింగు తళుక్కుమంటూ తిరుగుతోంది, అమ్మయ్య, తిరుగుతోంది, తిరుగుతూ తిరుగుతూ ఒక్కచోట ఆగింది, గొంతులో ముద్ద అడ్డంపడ్డట్టు, వణికి, మళ్లీ కదిలింది. మళ్లీ ఆగింది. సందు గోడకు పచ్చగా ఏదో అంటుకుని ఉంది. ఒకటి కాదు. నెయ్యీ పసుపూ నూనే కలిసి బంకలా పట్టుకున్నాయి. పడ్డాయి. పడ్డాయని ఇందాకే తెలుసు తనకి. మోటారు వెయ్యకముందే తెలుసు.

"బాబాయ్, ఏటి, తేడాగా ఉందా?" భాగ్యరేఖ దగ్గరకొచ్చింది. కొంగు నడుముకు బిగించింది, నుదుటి మీద కుంకం చెమటకు కారుతోంది.

"ఏం లేదమ్మా. నూనె చూస్తన్నాను."

ఆయిల్ క్యాను అందుకున్నాడు. మూతలోంచి సన్నటి ముక్కు దూర్చి షాఫ్టు మీద ధారగా పోశాడు. రింగు తేలేని నూనె చేత్తో పోస్తే సరి. గంట అయ్యేదాకా పోస్తూ కూచుంటే సరి. ఎవరికి తెలుస్తుంది? గంట అవుతుంది, లారీ పోతుంది, తరవాత నెమ్మదిగా ఆపుకుని, విప్పుకుని, ఆ గింజలు ఏరుకుని, కడుక్కుని, మళ్లీ మూసుకోవచ్చు. మోసమా? మోసమేం కాదు. పోత తప్పు కాదు, లోహం తప్పు కాదు, మరి ఎవరి తప్పుకు లారీ ఎక్కాలి ఇది? దేవుడి పేరు చెప్పి చల్లిన నాలుగు గింజలకా? పోశాడు. చెయ్యి పెట్టాడు. పోశాడు. మనోజ్ ఫోను జేబులో పెట్టుకుని నెమ్మదిగా నడిచొచ్చాడు. చెడ్డవాడు కాదు. ఐసు గడ్డల మధ్య ఆడుకుంటూ పెరిగినవాడు, ఈ కంపు, ఈ తడి, ఈ ముసలి యంత్రం అక్కని మింగేస్తున్నాయని వాడి బాధ. పెళ్లి కూడా మానుకుని దీనికి కాపలా కాస్తోందని తనతోనే ఒకసారి అన్నాడు.

"చాచా, దానికి ఎంతసేపు పాలు పడతారలా?"

"కొత్త పోత బాబూ. మొదట్లో తాగుతాది."

"తాగనీ, తాగనీ. ఇంకా సగం టైమ్ ఉంది."

సగం. సగమే అయిందా. పోస్తున్న నూనె అటూ ఇటూ అంచుల్లోంచి కారి నేల మీది నీళ్లలో రంగురంగులుగా పరుచుకుంటోంది, కానీ క్యాపు వెచ్చదనం తగ్గలేదు, పెరుగుతోంది, ఇప్పుడు మణికట్టు అక్కర్లేదు, ఈ చెప్పు అడుగు చర్మానికే తెలుస్తోంది. అంటే రింగు ఒక్కటే కాదు. కొన్ని కిందికి పోయాయి. షాఫ్టుకీ లోహానికీ మధ్య, వెంట్రుక మందం ఖాళీలో, బియ్యప్పిండి నూరుకుంటోంది. నూరుకోనీ, మెత్తటిది, పోతుంది. బియ్యం మెత్తటిదే, బియ్యంలో రాళ్లో? రేషన్ బియ్యంలో రాయి లేని గుప్పెడు ఎక్కడుంది. రాయి వస్తే లోహం దించేసుకుంటుంది, నాన్న చెప్పాడు, దించేసుకుంటుంది, ఎన్నింటిని దించుకుంటుంది? వేడెక్కిన కొద్దీ ఇంకా మెత్తబడుతుంది, మెత్తబడి కాటుకలా పూసుకుపోతుంది, పూసుకుపోయి తన సందు తనే మూసుకుంటుంది, అప్పుడు నూనె ఎంత పోసినా దారుండదు, అప్పుడు కరిగి అంచుల్లోంచి వెండి చుక్కల్లా కారుతుంది, ఆ కింద ఉన్నది ఒట్టి ఇనుము, ఇనుము మీద షాఫ్టు కూచుందా, అయిపోయింది. లోహం పోతే మళ్లీ పొయ్యొచ్చు. షాఫ్టు పోతే దీనికి ఇంకో షాఫ్టు ఈ భూమ్మీద లేదు. ఎంతసేపట్లో? ఇప్పుడా, ఇంకాసేపటికా, గంట అయ్యాకా? గంట అయ్యేదాకా ఓర్చుకోవా, ఒక్క అరగంట, నీకు మొక్కుతాను, ఇన్నాళ్లు అందరికోసం ఓర్చుకున్నావు కదా. ఎవరితో అంటున్నాడు? మహేశ్ చూస్తున్నాడు. భాగ్యరేఖ చూస్తోంది. అందరూ తన చేతిని చూస్తున్నారు, చేతిలోది ఎవరికీ తెలీదు. కూచో. నోరు మూసుకుని కూచో. నిలిస్తే నీ పేరు నిలుస్తుంది, పోతే మెషీను పాతదైపోయింది అనేస్తే సరి, పాతదే కదా, ఎవడు కాదంటాడు, నీ మాటకు ఎదురు చెప్పే లోహం నోరు లేనిది. చెయ్యి చుర్రుమంది. తియ్యలేదు. లెక్క పెట్టి ఉంచగలుగుతున్నాడు, ఇంకా ఉంచగలుగుతున్నాడు, ఉంచలేకపోయాడు.

లేచాడు. క్యాను ఎక్కడో పడింది. గోడ దగ్గరికి రెండు అంగల్లో వెళ్లి ఎర్ర బటను అరచేత్తో గుద్దాడు. మోటారు మూలిగి ఊరుకుంది. ఫ్లైవీలు తన బరువుకు తను కాసేపు తిరిగి, పట్టా జారి జారి చప్పట్లు కొట్టి, ఆగింది. ఇంత నిశ్శబ్దం ఈ షెడ్డులో ఉంటుందని అతను ఎరగడు. ఎక్కడో ట్యాంకులో నీటిచుక్క పడుతోంది.

"ఏం చేశారు చాచా?" మనోజ్ గొంతులో గెలిచిన సంతోషం లేదు, ఆశ్చర్యం ఉంది. "హో గయా, అయిపోయిందా? మీరే ఆపేశారు."

"నానే ఆపాను. మూత నానే తెరిసి వదిలేశాను. లోపల చెత్త పడింది."

ఏ చెత్త అని ఎవరూ అడగకముందే పానా తీసుకుని బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు, కాలిన చోట పానా తగిలితే ప్రాణం పోతోంది. గొలుసు కప్పీతో క్యాపు పైకి లేపి, పై సగం గిన్నెను తిరగేసి పంచె చెంగుతో తుడిచాడు. తెల్లటి లోహం ఒక పక్క కొంచెం మసకేసి, కొంచెం చెదిరి ఉంది. అంచు దగ్గర పచ్చటి పిండి. దాని మధ్యలో ఆవగింజంత నల్లరాయి, వేలితో అదిమినట్టు లోతుగా దిగిపోయి, చదునుగా. బొటనవేలు దాని మీద పెట్టి మూసేశాడు. కానీ భాగ్యరేఖ పచ్చదనాన్ని చూసేసింది. తన వేళ్ల వైపు చూసుకుంది. చిటికెన వేలికి ఇంకా పసుపు అంటుకునే ఉంది. కొంగుతో వేళ్లు తుడుచుకుంది, గట్టిగా, ఊరికే తుడుస్తూనే ఉంది.

మనోజ్ ముందుకొచ్చాడు. బయటపడ్డ షాఫ్టు మీది నూనె అరచేత్తో తుడిచేసి, గోరు అడ్డంగా పెట్టి లాగాడు. ఒక్క గీత తగిలితే చాలు వాడికి, గోరు ఎక్కడో ఒకచోట తట్టుకుంటే చాలు, ఇంక ఎవరితో వాదించక్కర్లేదు. నరసింగరావు ఊపిరి ఆ గోరు కిందే ఉంది. గోరు ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్లింది. ఫ్లైవీలును చేత్తో కొంచెం తిప్పి మళ్లీ లాగాడు. ఇంకొంచెం తిప్పి ఇంకోసారి. ఎక్కడా తట్టుకోలేదు. కావాలంటే ఏదో ఉందని అనొచ్చు, ఎవరూ వాడి గోరును పట్టుకుని చూడరు. నూనె అంటిన చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"భయ్యా, కాటూఁ క్యా?" కొయ్యమంటావా అని గుమ్మంలోంచి మహేశ్ అరిచాడు.

"బైఠ్ నా, యార్," అన్నాడు మనోజ్, కూచోమని, వెనక్కి తిరక్కుండానే. అక్క వైపు చూశాడు. "షాఫ్టు బాగానే ఉంది. అన్నమాట అన్నమాటే దీదీ, గంట నడవాల్సిందే. ఇంకోసారి. ఒక్కసారే. మొదటినుంచి."

నరసింగరావు కిరసనాయిలుతో రింగు కడిగాడు, సందులో గుడ్డ దోపి దోపి లాగాడు, తొట్టిలో నూనె మార్చాడు, చెదిరిన చోట గీకాడు, రాయిని గీకుడుకత్తి మొనతో పెకలించి పడేశాడు, దాని గుంట అలాగే ఉండిపోయింది, ఉండనీ. క్యాపు దించి, బోల్టులు బిగించి, మూత పెట్టి, పెట్టిన మూతను ఇంకోసారి నొక్కి చూసుకున్నాడు. కింది సగం గిన్నె సంగతి ఎవరికీ తెలీదు. దాన్ని చూడాలంటే షాఫ్టు ఎత్తాలి, అందుకు ఇవాళ టైం లేదు, అందులో ఎన్ని రాళ్లున్నాయో, లోహం ఎంత పోయిందో, ఎంత మిగిలిందో. మోటారు వేశారు. అలవాటుగా చెయ్యి చాచాడు.

"మీ చెయ్యి కాలిపోయింది బాబాయ్," అంది భాగ్యరేఖ. ఐసుడబ్బా తన వైపు లాక్కుని కూచుంది. "నేను పెడతాను. ఎక్కడ పెట్టాలి?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. ఎవరైనా అడిగినా, నీకు తెలీదులే పో అనే మాటే వచ్చేది నోట్లోంచి. ఇక్కడ, అని వేలితో చూపించాడు, ఇక్కడ, పక్కకి కాదు, మధ్యలో, అరచెయ్యి మొత్తం ఆనించు, నొక్కొద్దు. ఆమె ఆనించింది. "సల్లగా ఉంది," అంది. అంటూనే అతని వైపు చూసింది, అంతేనా అన్నట్టు. అతను తలూపాడు. ఇంక తనకేం తెలీదు. బేరింగు వైపు చూసీ లాభం లేదు, ఫోను వైపు చూసీ లాభం లేదు. కాలిన చేతిని ఐసునీళ్ల బకెట్లో ముంచి, నరసింగరావు ఆమె మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు, ఆ కనుబొమలు ఎప్పుడు ముడిపడతాయో, పడవో అని, రెప్ప వెయ్యడం కూడా మరిచిపోయి.